గోడ మీద ఏడు చారలు

పట్టపగలు, ముప్ఫైమంది ఎదుట, నా పరువు నేనే చేతులారా ఎలా తీసుకున్నానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ ముప్ఫైమందీ నవ్వనే నవ్వారు.

సునామీ వచ్చిన మరుసటి ఏడాది శ్రీకాకుళం వదిలి ఓడెక్కి, అండమాన్ దీవుల్లోని మాయాబందర్‌లో ఒక బడికి ఫిజిక్స్ మాస్టారుగా వచ్చాను. ఉద్యోగం తాత్కాలికం. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆఫీసరుగారు వచ్చి నా పాఠం చూసి మెచ్చుకుంటేనే పర్మనెంటు. ఇంటి దగ్గర మా అమ్మ మాత్రం అప్పుడే "మావాడిది గవర్నమెంటు ఉద్యోగం" అని ఊరంతా చాటేసింది.

బుద్ధిగా పాఠం చెబితే సరిపోయేది. ఖర్మ! సన్నని రెండు చీలికల గుండా కాంతిని పంపితే గోడ మీద రెండు గీతలు కాదండీ, వెలుగూ చీకటీ మార్చి మార్చి బోలెడు చారలు పడతాయి. అది చూపించి ఆఫీసరుగారిని అదరగొడదామనుకున్నాను. ముందురోజు నల్ల అట్ట మీద బ్లేడుతో రెండు చీలికలు కోసి, కిటికీలు లేని స్టోరు గదిలో టార్చి వేశాను. గోడ మీద ఏడు చారలు! గంతులేశాను. సరిచూసుకోవాలన్న ఆలోచనే వస్తే నేను నేనెందుకవుతాను?

మర్నాడు అదే గదిలో, అందరి ముందూ టార్చి నొక్కాను.

"చారలు ఎన్ని?"

"ఏడు సర్!"

లెక్కపెట్టకుండానే చెప్పారు. మెరికల్లాంటి పిల్లలని మురిసిపోయాను.

పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో స్థిరపడిన తెలుగాయన ఆ ఆఫీసరు. కళ్లజోడు సవరించుకుని, "అచ్ఛా మాస్టారూ, ఒక చీలిక మూయండి. చారలు పోవాలి కదా?" అన్నారు.

మూశాను. పోలేదు.

"ఇవి కొంచెం గట్టి చారలు సర్," అన్నాను. నేను పట్టిన కుందేలుకు ఏడే చారలు మరి!

"టార్చి ఆర్పి తలుపు తియ్యండి."

ఎండ లోపలికొచ్చింది. చారలు ఇంకా బాగా కనిపించాయి.

ముందు వరసలోంచి లక్ష్మి నెమ్మదిగా లేచింది. "సర్, అవి సునామీ నీళ్ల మరకలు. నీళ్లు దిగుతూ దిగుతూ పడ్డాయి. మేమే మూడుసార్లు గోడకి తెల్లగా చూనా కొట్టాం, ఫిర్‌భీ మళ్లీ వస్తాయి."

"ముందే చెప్పొచ్చుగా!"

"కల్ మీరు గంతులేస్తుంటే తలుపు సందులోంచి చూశాం సర్. ఇత్‌నా ఖుషీగా ఉన్నారు, ఎలా చెప్తాం?"

గదంతా ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆ పిల్లల మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆఫీసరుగారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "మాస్టారూ, ఆ చారలైతే పర్మనెంట్. మీ సంగతి వచ్చే ఏడాది చూద్దాం!"

కాబట్టి ఆ గోడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఏ అద్భుతం కంటబడినా, ముందు టార్చి ఆర్పి, తలుపు తీసి, లక్ష్మిని అడిగి, ఆ తర్వాతే గంతులేస్తాను.