నషమియా పంపని మీగడ

దియాలా నది కొండలు దిగేటప్పుడు నీళ్లే. నారింజ తోటలు తడిపేటప్పుడూ నీళ్లే. బాగ్దాద్ అంచున మా పేటకు చేరేసరికి మాత్రం ఊరందరి మరుగుదొడ్లూ మోసుకొస్తుంది. నల్లగా, చిక్కగా, పైన పసుపు నురగతో. కొత్తలో ఆ కంపుకు నాకు వాంతులయ్యేవి. ఇప్పుడు కావడం లేదు. నామీద నాకు అసహ్యం వేసేది అందుకే.

మా పక్కింటి నషమియా గేదెలు పడుకునేది ఆ నీళ్లలోనే, తాగేదీ అవే. దక్షిణాన చిత్తడి నేలలు ఎండిపోతే మందను తోలుకుని ఇక్కడికొచ్చిన కుటుంబం వాళ్లది. మొగుడు పోయాక ఒక్కతే పాలు పితికి, కాచి, మీగడ కట్టించి, పళ్లెం నెత్తిన పెట్టుకుని బజారుకు పోయేది. ఆ మందపాటి మీగడ కోసం జనం ఎగబడేవాళ్లు. తను మాత్రం వేలితో కూడా ముట్టేది కాదు.

"రోజూ చూసీ చూసీ మొహం మొత్తిందమ్మా" అనేది. నమ్మాను, నా పిల్లలకు ఆమె దగ్గరే కొనిపెట్టాను.

కూతురు ఇబ్తిహాల్ పెళ్లయింది. పెళ్లి మర్నాడు పొద్దున్నే పుట్టింటివాళ్లు మీగడా, పొరల రొట్టెలూ తీసుకెళ్లాలి. అది లేకపోతే పిల్లకు అత్తింట్లో తలవంపులే. నషమియాతో నేనూ వెళ్లాను. పళ్లెం మీద గుడ్డ తీస్తే రొట్టెల పక్కన ఖర్జూర పాకం, నువ్వుల ముద్ద. అంతే.

వియ్యపురాలు ఉమ్ షాకిర్ మూతి తిప్పింది. "ఏం వదినా! ఊరందరికీ మీగడ అమ్ముతావు, కన్నకూతురికి ఇంత పెట్టడానికి చేతులు రాలేదా?"

ఆడవాళ్లంతా నవ్వారు. ఇబ్తిహాల్ తల దించుకుంది.

"నా గేదెలు ఏం తాగుతున్నాయో నాకు తెలుసు వదినా" అంది నషమియా. "నా బిడ్డకు అది పెట్టలేను."

నేను ఆమె చెయ్యి పట్టుకుని నిలదీశాను. "మరి నా పిల్లలకు పెట్టావు కదే!"

"నేనూ బతకాలి కదమ్మా" అంది నా మొహం చూడకుండా. ఆ క్షణాన ఆమె కూడా నాకు ఆ నదిలాగే కంపు కొట్టింది.

"ఛీ ఛీ, ఇదా నీ యాపారం!" అని ఉమ్ షాకిర్ మరిదిని బజారుకు తరిమింది. "కర్రార్ కొట్లో పట్టుకురా. వాడిది శుభ్రం."

కర్రార్ గేదెలు నషమియా గేదెల పక్కనే మునుగుతాయి, ఆ మురుగులోనే. చెప్పబోయాను. ఎవరు వింటారు? మీగడ రాగానే అందరూ వేళ్లు నాకుతూ తిన్నారు.

ఉమ్ షాకిర్ ముద్ద చేసి కోడలి నోటి దగ్గర పెట్టింది. "తిను తల్లీ, ఇది మంచిది."

చిన్నప్పటి నుంచీ గేదెల్ని ఆ నీళ్లకు తోలిన పిల్ల. తల్లివైపు చూసింది. నషమియా వద్దన్నట్టు తల ఊపింది. ఇబ్తిహాల్ కళ్లు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది.