సార్ ముంచిన పేరు

సార్ పోయారన్న కబురు నాకు మస్తాన్ చెప్పాడు. "అక్కా, తెల్లారుజామున పోయినారు. నిద్దర్లోనే. నేను పక్కనే ఉండా" అన్నాడు ఫోన్లో. అంతటి మనిషి పోయాడంటే ముందు ఏడుపు రావాలి. నాకు ముందు కుళ్ళు వచ్చింది. పక్కన ఉన్నది వీడా? నాకు చెప్పింది కూడా వీడేనా? ఏడుపు తర్వాత వచ్చింది. బస్సులో, సార్ ఊరు మనుబోలు దగ్గర పడేదాకా ఏడుస్తూనే వెళ్ళాను.

అక్కడికి వెళ్ళాక కూడా అదే తంతు. పాడె మోసిన నలుగురిలో మస్తాన్ ఒకడు. నేను ఆడదాన్ని కాబట్టి నన్ను వీధి మలుపులోనే ఆపేశారు. పాడె కింద వాడి భుజం కనపడినంత దూరం చూసి వెనక్కొచ్చాను.

ఇది చదువుతున్నవాళ్ళలో సార్ దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. ఆయన గొప్పతనం గురించి సంతాప సభలో మీరంతా మాట్లాడారు, నేనూ విన్నాను. బాగానే మాట్లాడారు. కానీ మీకందరికీ ఆయన జంతుశాస్త్రం చెప్పిన సార్. నాకూ మస్తాన్‌కూ మాత్రమే ఆయన చీమల సార్. ఆ 'మాత్రమే'లో కూడా వాడు ఉండటమే నా బాధ.

చీమలంటే మనకు ఎర్రచీమ, నల్లచీమ, గండుచీమ. ఇంకా అడిగితే కుట్టేది, కుట్టనిది. సార్ మొదటి క్లాసులో పుస్తకం తెరవలేదు. కిటికీ గట్టు మీద ఒక బెల్లం ముక్క, ఒక ఎండు నెత్తళ్ళ ముక్క పెట్టి, గంట కొట్టేలోపు ఎన్ని రకాల చీమలొస్తాయో చూడమన్నారు. రెండు రకాలని చెప్పాం. ఆయన వాటిని ఏరి భూతద్దం కింద పెడితే ఏడయ్యాయి. ఒకదానికి నడుము మీద ఒక ముడి, ఇంకోదానికి రెండు. ఒకదానికి వీపు మీద ముళ్ళు. మిగతావాళ్ళు నవ్వి వెళ్ళిపోయారు. నేను అద్దం దగ్గరే ఉండిపోయాను.

పుట్టు శాకాహారి అయిన మనిషి స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ ఎండుచేపల పొట్లం ఉండేది. చీమల్ని పిలవడానికి. వాళ్ళావిడను మేము అమ్మ అనేవాళ్ళం. "పంచదార డబ్బా కింద నీళ్ళ పళ్ళెం పెట్టనియ్యడమ్మా ఈయన. దారి మూసేస్తే రేపు మనింటికి ఎవురొస్తారంటాడు" అని నాతో మొర పెట్టుకునేది. కాఫీలో చీమ తేలితే సార్ దాన్ని చెంచాతో తీసి, వేలిమీద పెట్టుకుని, అద్దంలో చూసి, గోడ మీద వదిలి, అప్పుడు కాఫీ తాగేవారు. కాఫీ చల్లారిందని మాత్రం అమ్మ మీద విసుక్కునేవారు.

చీమను దాచే పద్ధతి ఒకటుంది. చీమకు సూది గుచ్చితే చిట్లిపోతుంది. అందుకని బియ్యపు గింజంత త్రికోణం ముక్క అట్టలో కత్తిరించి, దాని కొసన పిసరంత జిగురు పెట్టి, చీమను పక్కనుంచి అతికించాలి. సూది అట్టకు గుచ్చాలి. జిగురు ఎక్కువైతే కాళ్ళు మునుగుతాయి, తక్కువైతే చీమ రాలిపోతుంది. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరు. "నీ చెయ్యి పడితే చీమ బతికున్నట్టే ఉంటుంది అమ్మాయ్" అనేవారు సార్. కొన్నేళ్ళపాటు ఆ మాట నాకొక్కదానికే దక్కింది.

తర్వాత మస్తాన్ వచ్చాడు. వాళ్ళ నాన్నకు అల్లూరులో గడియారాలు బాగుచేసే కొట్టు. వీడు కంటికి పెట్టుకునే అద్దం, సన్న మూతి పట్టకారు ఇంట్లోంచే తెచ్చుకున్నాడు. వచ్చిన రోజే ఒక చీమను అతికించాడు. సార్ దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి చూశారు, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎంత పెద్ద మెప్పో నాకు తెలుసు. ఆ పూట నేను అన్నం సరిగా తినలేదు.

కానీ అప్పటికే నా దగ్గర వాడికి లేనిదొకటి ఉంది. నా పేరుతో ఒక చీమ.

వాకాడు తీరాన సరుగుడు తోపులో, వాన వెలిసిన సాయంత్రం, దీపం దగ్గర నేను పట్టిన రెక్కల చీమ అది. మగది. మగచీమ చీమలా ఉండదు. చిన్న తల, పెద్ద కళ్ళు, రెక్కలు, చూస్తే కందిరీగ పిల్లేమో అనిపిస్తుంది. "మగచీమకు ఒకటే సాయంత్రం అమ్మాయ్. ఎగురుతుంది, రాలుతుంది. దాని ఊరూ పేరూ అడగడానికి టైమివ్వదు" అనేవారు సార్. నేను పట్టింది ఆయన ఎరిగిన దేనితోనూ కలవలేదు. ఆ ఏడంతా పోల్చి చూసి, కొత్తదని తేల్చి, లోకానికి ప్రకటించారు. పేరు పెట్టే హక్కు ఆయనది. నా పేరుకు లాటిన్ తోక తగిలించి దానికి పెట్టేశారు.

మా అమ్మ తల పట్టుకుంది. "పెళ్ళి కావాల్సిన పిల్ల పేరు చీమకు పెడతారా ఎవురైనా?" అంది. నేను మాత్రం వీధంతా మైసూరుపాకు పంచాను. ఇప్పుడు తలుచుకున్నా ఆ తీపి నాలుక మీద ఉంది.

"పేరు పెట్టే ముందు ఇల్లు చూడాల" అనేది సార్ ఎప్పుడూ చెప్పే మాట. చీమను ఒంటరిగా చూసి నిర్ణయించకూడదు, పుట్టలో కూలిచీమలు, రాణి, మగవి అన్నీ కలిపి చూడాలని. నా చీమ విషయంలో ఆయన ఇల్లు చూడలేదు. ఇల్లు దొరకలేదు మరి. దొరికేదాకా ఆగలేకపోయారు. నా మీద ప్రేమతోనే ఆగలేకపోయారని నేను గర్వంగా చెప్పుకునేదాన్ని.

ఆ ఇంటిని మస్తాన్ కనుక్కున్నాడు. అదే తోపులో, పుచ్చిన సరుగుడు మొద్దు చీలిస్తే లోపల కూలిచీమలూ, వాటి మధ్య అచ్చం నా చీమలాంటి రెక్కల మగవీ. ఆ కూలిచీమలు కొత్తవేమీ కాదు. దొరల కాలంలోనే ఎవరో పేరు పెట్టేసిన చీమ, మీ ఇంటి గుమ్మం మీద కూడా తిరిగే చీమ. ఒకే చీమకు రెండు పేర్లు పడితే మొదటిదే నిలుస్తుంది, రెండోది దాని కింద మునుగుతుంది. అది శాస్త్రంలో కట్టుబాటు.

సార్ నన్ను పిలిపించారు. సూక్ష్మదర్శిని కింద రెండూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. మస్తాన్ గోడకానుకుని నేల చూస్తున్నాడు.

"నేను చెప్తే నమ్మొద్దు అమ్మాయ్. నువ్వే చూసి చెప్పు" అన్నారు సార్.

మగచీమల్ని తోక కొస చూసి పోలుస్తారు. తాళానికి తాళంచెవిలా ఏ జాతి కొస ఆ జాతికే. చాలాసేపు చూశాను. తేడా కనపడాలని చూశాను. "రెండూ ఒకటే సార్" అన్నాను.

"అంతేగదా" అని కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ఇల్లు చూడకుండా పేరు పెట్టింది నేను. తప్పు నాది. నీ చీమ మంచిదే."

ఆ పేరు చెల్లదని ఆయనే రాసి ప్రకటించారు, మస్తాన్‌తో కలిసి. నా పేరును ముంచిన కాగితం మీద వాళ్ళిద్దరి పేర్లూ పక్కపక్కన ఉన్నాయి. "మునిగిన పేరు చచ్చిన పేరు కాదమ్మాయ్. రెండూ వేరని రేపు ఎవరైనా చూపిస్తే మళ్ళీ తేలతది" అన్నారు, నన్ను సాగనంపుతూ. నీళ్ళలో పడ్డవాడికి ఈత గురించి చెప్పినట్టుంది నాకు. తలూపి వచ్చేశాను.

తర్వాత నాకు నెల్లూరులో ఉద్యోగం, పెళ్ళి, సంసారం. పండక్కీ పబ్బానికీ సార్‌ని చూడ్డానికి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా మస్తాన్ అక్కడే ఉండేవాడు, లేకపోతే అప్పుడే వెళ్ళి ఉండేవాడు. సార్‌కి కళ్ళు మందగించాక చూసేవీ చదివేవీ అన్నీ వాడే. ఏటా తుపాను వానలు మొదలవగానే సార్‌ని బండి వెనక కూర్చోబెట్టుకుని వాకాడు తీసుకెళ్ళేవాడు. "వద్దంటే వినడమ్మా. దగ్గుతానే పోతాడు. ఆ పిలగాడొస్తే చాలు, చెప్పులేసుకుంటాడు" అనేది అమ్మ. నన్ను ఒక్క ఏడూ పిలవలేదు. నా చీమ దొరికిన తోపుకు నన్ను వదిలేసి వాళ్ళిద్దరూ వెళ్తారా అని ప్రతి వానకూ రగిలిపోయేదాన్ని. మా ఆయన కిటికీలోంచి మబ్బు చూసి "మొదలైంది" అనేవాడు. మబ్బు గురించి కాదు, నా గురించి.

పెద్దకర్మ నాడు భోజనాల పందిరి వెనక మస్తాన్ నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఒక మాట చెప్పాల. బతికుండగా చెప్పొద్దన్నారు సార్."

"ఏంది?"

"ఏటా వాకాడు ఎందుకు పోతా ఉన్న్యామనుకున్నావు?"

"కొత్త చీమల కోసం."

"కొత్తవీ లేదు, పాతవీ లేదు. నీ చీమ కోసరమే. నువ్వు పట్టిన చోటనే దీపం పెట్టేది. రాలిన మగచీమల్ని తెచ్చి నీదాంతో పోల్చేది. ఏడన్నా తేడా దొరికితే నీ పేరు లేపొచ్చని ఆయన ఆశ."

విస్తళ్ళు ఎత్తేవాళ్ళు మా పక్కనుంచి పోయేదాకా వాడు ఆగాడు.

"చూసేది నేనేగదా. 'ఏమన్నా తేడా ఉందిరా?' అని అడిగేవారు. లేదు సార్ అనేవోడ్ని. అప్పుడాయన మొహం చూడాల నువ్వు." మస్తాన్ పందిరి రాటకున్న తాడు వేలికి చుట్టుకున్నాడు. "నేను కనుక్కున్నది కరెక్టని ఒక్కసారి సంతోషపడలేదక్కా. నాది తప్పని తేలాలని కోరుకునే మనిషిని, నేనే బండి మీద ఎక్కించుకోని పోయేది."

"నీకు కోపం రాలేదా?"

"కోపం ఎందుకు, కడుపుమంట. నీకేమో చీమనిచ్చినాడు. నాకు పనిచ్చినాడు."

నిజం చెప్తున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళూ నేను వాడి మీద కుళ్ళుకుంటుంటే, వాడు నా మీద కుళ్ళుకుంటున్నాడన్నమాట. బతుకులో మొదటిసారి నామీద ఒకరికి కడుపుమంట. ఆ పూట విస్తరి ముందు కూర్చుని గారెలు మళ్ళీ అడిగి వేయించుకున్నాను. ఎవరేమనుకుంటే నాకేం.

బయల్దేరుతుంటే మస్తాన్ నా చేతిలో రెండు పెట్టాడు. ఒకటి, నేను పట్టి నేను అతికించిన ఆ మొదటి చీమ, అగ్గిపెట్టెంత డబ్బాలో. రెండు, చెడిపోకుండా సారాయి పోసిన చిన్న సీసా, అందులో రెక్కల చీమలు.

"ఇవి మొన్నటి వానవి. దీపం పెట్టిన మర్నాడే సార్‌ని ఆస్పత్రిలో చేర్చినారు. నేను చూడలా. నువ్వు చూడు. నేను చూస్తే మళ్ళీ నాదే రైటంటాను."

"ఏది తేలాలని నీకుంది?" అన్నాను. వాడు బండి తీశాడు.

ఆదివారం మధ్యాహ్నం నేను పనిచేసే కాలేజీకి వెళ్ళి తాళం తీయించుకున్నాను. ప్రయోగశాలలో ఎవరూ లేరు. సీసాలోంచి ఒకదాన్ని పళ్ళెంలోకి ఒంచి, పక్కన నా చీమను పెట్టి చూశాను. నేను పెట్టిన జిగురు ఇంకా పట్టు వదల్లేదు. ఇప్పుడు నన్ను చూసేవాళ్ళు లేరు. తేడా ఉందంటే కాదనేవాళ్ళు లేరు. ఒక్క గీత, ఒక్క వంపు చాలు, నా పేరు తేలుతుంది. ఎక్కడున్నా సార్ ఆశ తీరుతుంది. ఒక్కొక్కటీ తీశాను. సీసా ఖాళీ అయ్యేదాకా చూశాను.

మస్తాన్‌కి ఫోన్ చేశాను.

"ఒకటే" అన్నాను. "నీదే రైటు."



"తోక కొస పక్కనుంచి చూసినావా?"

"చూశాను."

"ఇంకోటి తీసి చూడకపోయినావా అక్కా?"

"అన్నీ చూశాను మస్తాన్."

"ఛ" అన్నాడు.

గెలిచినవాడు అనాల్సిన మాట కాదది. అనాల్సింది నేను. నా పేరు, నా చీమ, మునిగింది నేను. నాకంటే ముందు వాడికి ఆ మాట వచ్చింది, అదీ కడుపులోంచి వచ్చింది. సార్ కోసం వాడు తన తప్పును కోరుకున్నాడు. నేను సార్ కోసమంటూ నా పేరును కోరుకున్నాను. పాడె మోసినప్పుడు కూడా వాడి మీద నాకింత కుళ్ళు పుట్టలేదు.

వాడు ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టలేదు. అటు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. ఇటు పళ్ళెంలో సారాయి ఆరిపోతోంది. తడికి ఒంటికి అంటుకుపోయిన మగచీమ రెక్క ఒకటి, ఆరుతూ ఆరుతూ, దానంతటదే మెల్లగా పైకి లేచింది.