ఇంకో వాయిదా

నేను బడికన్నా కోర్టుకే శ్రద్ధగా వెళ్లాను. అందుకే ఐదో తరగతి చదువూ, లాయరుకున్నంత నోరూ మిగిలాయి. మొన్న నరసరావుపేట కోర్టు బయట మిరపకాయ బజ్జీల వాసన తగిలేసరికి మళ్లీ ఒళ్లు మండింది.

అమ్మా నాన్నా విడిపోయాక నేను ఎవరి దగ్గరుండాలనేది కేసు. అప్పటికి నాన్న దగ్గరుండేవాణ్ణి. అమ్మ వినుకొండ నుంచి వచ్చేది. వాయిదా రోజున వరండా బల్ల మీద ఇద్దరి మధ్యా కూర్చుని, వాళ్లు చెరో పొట్లం కొనిపెట్టిన బజ్జీలు తినేవాణ్ణి. వాయిదా అంటే మా ముగ్గురికీ పండగనుకున్నా.

మూడేళ్లు తిప్పి తిప్పి, చివరికి జడ్జిగారు నన్ను లోపలికి పిలిచారు.

"ఎవరి దగ్గరుంటావు బాబూ?"

"ఇంకో వాయిదా ఇవ్వండి సార్!"

ఆయన నవ్వారు. నిజంగానే ఇచ్చారు. నన్ను అమ్మకి అప్పగించడానికి మళ్లీ ఏడాది పట్టింది. ఉన్నది ఒక్క పిల్లాడు, దానికి నాలుగేళ్లా!

మొన్న ఇంటికెళ్లి ఇదంతా చెప్పి అమ్మను నవ్విద్దామనుకున్నా. అమ్మ నవ్వలేదు.

"ఏందిరా నవ్వేది? నువ్వు వాయిదా అడిగిన రోజు నిన్ను తీసుకుపోదామనే వచ్చా. తిరిగి పోయేటప్పుడు బస్సులో నా పక్క సీటు మీద తువ్వాలేసి, వినుకొండ దాకా ఎవర్నీ కూర్చోనియ్యలేదు."