మా ఊరి లైట్లు కన్నుకొట్టిన సాయంత్రం

ఇరవై వీధిలైట్ల చేత ఊరంతటికీ ఒకేసారి కన్నుకొట్టించిన ఘనుణ్ణి నేను. అదీ ఎవరి ముందు? నా ఉద్యోగం పర్మినెంటు చెయ్యాలా వద్దా అని రిపోర్టు రాసే మండలం ఆఫీసు మేడమ్ ముందు! చెబుతాను, మీరు తీరిగ్గా నవ్వుకోండి. ఆ రోజు నాకు ఆ అవకాశం దొరకలేదు.

బేస్తవారిపేట దగ్గరి పల్లె సచివాలయంలో కరెంటు పనులు చూసే కొత్త ఉద్యోగిని నేనప్పుడు. కుదురుగా కూచోవడం నా ఒంటికి పడదు. టీ కూడా నడుస్తూనే తాగేవాణ్ణి.

ఆ ఊరి వీధిలైట్ల స్విచ్చి హుస్సేన్‌బీ అవ్వ ఇంటి గోడకు ఉండేది. సాయంత్రం మసీదులో నమాజు పిలుపు వినగానే అవ్వ లైట్లు వేసేది, పొద్దున వాకిలి ఊడుస్తూ ఆర్పేది. ఎవరూ ఇవ్వని ఉద్యోగం, ఏళ్ల తరబడి చేస్తోంది. ఒక్కరోజు మాత్రం గిద్దలూరు బస్సు తొందరలో ఆర్పడం మరిచిపోయింది. సాయంత్రం బస్సు దిగేసరికి నేను కాచుకుని ఉన్నాను. నలుగురిలో నిలబెట్టి కేకలేశాను.

"అవ్వా, కరెంటు పొదుపు చెయ్యండని పంచాయతీవాళ్లు రోజూ మైకులో మొత్తుకుంటా ఉండారు. నీకు ఇనపడలా?"

"ఒక్కపూటే గదా నాయనా మరిచింది. ఇంక మరవనులే."

అంతటితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? పంచాయతీని వేధించి సెన్సర్ డబ్బా తెప్పించాను. చీకటి పడితే దానంతటదే లైట్లు వేస్తుంది, తెల్లారితే ఆర్పుతుంది. దాంతోపాటు ఒక కాగితం వచ్చింది. డబ్బా ఎక్కడ బిగించాలో అందులో రాసి ఉందట. 'ఉందట' అన్నానంటే చదవలేదనే కదా! అడిగి తెచ్చిన నిచ్చెన తిరిగిచ్చెయ్యాలన్న ఆత్రంలో, అవ్వ ఇంటి ముందు స్తంభానికే, లైటుకు సరిగ్గా జానెడు కింద బిగించేశాను. గోడకున్న స్విచ్చి పీకేశాను. అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ చూసింది.

ఆ సాయంత్రమే మేడమ్‌ను పిలిపించాను. ఊరు ఊరంతా చేరింది. పొద్దు గుంకగానే లైట్లు టక్కున వెలిగాయి. చప్పట్లు! నేను ఛాతీ విరుచుకునేలోపే ఆరిపోయాయి. మళ్లీ వెలిగాయి. మళ్లీ ఆరాయి. బర్రెలు బెదిరి పలుపులు తెంచుకోబోయాయి.

టీకొట్టు ఖాసిం మామ అరిచాడు. "ఏంది అల్లుడా, ఎవరి పెండ్లి? సీరియల్ లైట్లు పెట్టినావే!"

"ఏమిటయ్యా ఇది?" అంది మేడమ్.

నా బుర్ర కంటే నా నోటికి తొందరెక్కువ. "పొదుపు మేడమ్! సగంసేపు వెలుగు, సగంసేపు చీకటి. కరెంటు సగానికి సగం మిగులు!"

లైటు వెలిగినప్పుడల్లా మేడమ్ ముఖం కనిపిస్తోంది. వెలిగిన ప్రతిసారీ ఇంకాస్త ఎర్రగా ఉంది.

"అయితే నీ ఉద్యోగం కూడా సగంసేపే పర్మినెంటు చేద్దామా?"

ఇంటి దగ్గర మా నాయన అప్పటికే పర్మినెంటు అయిపోయిందని అందరికీ చెప్పేశాడు.

అప్పుడు అవ్వ ముందుకొచ్చింది. "ఆ డబ్బా మీద లైటు పడతాంది నాయనా. పాపం, తెల్లారిందనుకోని ఆర్పేస్తాంది. ఆర్పినాక చీకటని మళ్లీ ఏస్తాంది. మధ్యలో ఏదన్నా అడ్డం పెట్టు."

చెప్పి ఊరుకోలేదు, ఇంట్లోకి వెళ్లి నీళ్లకుండ మీద మూత తెచ్చింది. మూతంటే పలక. అవ్వ ఒకప్పుడు మార్కాపురంలో పలకల పని చేసింది, ఆ ఇంట్లో మూతలన్నీ పలకలే.

తిరిగిచ్చిన నిచ్చెన కోసం మళ్లీ పరుగెత్తాను. ఎక్కి పలక తిప్పితే, వెనకవైపు సుద్దతో పెద్దపెద్ద అక్షరాలు.

"ఏదో రాసుందే. గట్టిగా చదువు," అంది మేడమ్ కింది నుంచి.

లైటు వెలిగినప్పుడు ఒక మాట, ఆరినప్పుడు ఒక ఊపిరి. అలా ఊరందరికీ వినిపించేలా చదివాను. "పొద్దున్నే... లైట్లు... ఆర్పాల."

"ఈ నాయన అరిచిన రోజే పక్కింటి పిల్లతో రాయించుకున్నా," అంది అవ్వ. "నాకు సదువు రాదు గానీ, పొద్దున నీళ్లు ముంచేటప్పుడు పలక ఎత్తితే గ్యాపకం వస్తది. ఆనాటి నుంచి ఒక్కపూట మరిస్తే ఒట్టు."

మేడమ్ నా వైపు చూసింది. "నీ డబ్బా రాకముందే ఈ ఊళ్లో సెన్సర్ ఉందన్నమాట."

సిగ్గుతో చచ్చిపోయాను. నిచ్చెన మీదే తెల్లారేదాకా ఉండిపోదామనిపించింది. పలక అడ్డం కట్టాక లైట్లు కదలకుండా వెలిగాయి. చప్పట్లన్నీ అవ్వకే.

ఉద్యోగం పర్మినెంటు అయింది. కాకపోతే డబ్బా విప్పి, స్విచ్చి మళ్లీ అవ్వ గోడకు బిగించి, పలక తిరిగి కుండ మీద పెట్టాకే మేడమ్ సంతకం పెట్టింది.

కనుక, ఆ నిచ్చెన సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కాగితం చదవందే ఏ డబ్బా బిగించను. చక్కగా పని చేస్తున్న ఏ అవ్వ చేతిలోంచీ స్విచ్చి లాక్కోను. నా సంగతి నాకు తెలుసు గనక, ఈ రెండు ముక్కలూ ఒక పలక మీద రాసి మా నీళ్లకుండ మీద మూతగా పెట్టుకున్నాను.