సీటు కింది నిమ్మకాయ

మా కారుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టనివ్వలేదు నేను. కారు ఇంటికొచ్చిన రోజునే ఆ సంగతి తేల్చేశాను. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన జగిత్యాలలో అమ్మిన చిన్న కారు అది. కోరుట్లలో మా వాకిట్లోకి తెచ్చి ఆపేసరికి నా భార్య పళ్లెంలో కొబ్బరికాయ, ఐదు నిమ్మకాయలు పెట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. నాలుగు చక్రాల కింద నాలుగు పెట్టి తొక్కించాలి, అయిదోదాన్ని మిరపకాయలతో కలిపి గుచ్చి ముందు బంపర్‌కు వేలాడదీయాలి.

"కారు నడిచేది పెట్రోలుతోటి, నిమ్మరసంతోటి కాదు" అన్నాను.

"నీ సభలు బయట పెట్టుకో. ఇది ఇల్లు" అంది.

నేను వాకిట్లోనే సభ పెట్టాను. దిష్టి అంటే ఏమిటి? మనిషి కంటిలోంచి బయలుదేరేది ఏమిటి? అది ఇనుమును ఎలా తాకుతుంది? తాకబోయేదాన్ని నిమ్మకాయ ఎలా ఆపుతుంది? ఒక్కదానికి జవాబు చెప్పినా నేనే కడతానన్నాను. నలభై ఏళ్లుగా హేతువాద సభల్లో వేదికల మీద అడిగి, ఎదుటివాళ్ల నోరు మూయించిన ప్రశ్నలు ఇవి. ఆమె పళ్లెం లోపలికి తీసుకుపోయింది. గెలిచాననుకున్నాను.

కారు నాకోసం కొన్నది కాదు. మా బిడ్డ సిరిసిల్లలో ఒక బడిలో లెక్కల టీచరు. అల్లుడు గల్ఫ్‌లో ఉంటాడు. ఆమె, నాలుగేళ్ల మనవరాలు మా దగ్గరే. బస్సులో సిరిసిల్ల పోవాలంటే వేములవాడలో దిగి ఇంకో బస్సు కోసం నిలబడాలి. తల్లి బయలుదేరేసరికి పిల్ల లేవదు, తిరిగొచ్చేసరికి పడుకుని ఉంటుంది. ఆదివారం తప్ప తల్లి ముఖం తెలియని పిల్లలా తయారైంది. నౌకరీ మానేయాలి, లేదంటే పిల్లను ఇలాగే వదిలేయాలి అన్న దాకా వచ్చినప్పుడు కారు కొన్నాం. పొద్దుగూకకముందే ఇల్లు చేరడం మొదలైంది. హారన్ వినబడితే పిల్ల చెప్పులు లేకుండానే గేటు దాకా ఉరికేది.

నడిపేది బిడ్డ. చూసుకునేది నేను. నాకు నడపడం రాదు. నేర్చుకుందామనుకునేసరికి కంటి డాక్టరు వద్దన్నాడు. అందుకని కారుతో పాటు వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను. గుడ్డిగా నమ్మమని అడగని పుస్తకం అది. ఇది చెయ్, ఇలా ఎందుకంటే, అని చెబుతుంది. ప్రతి ఆదివారం బిడ్డను వెంటబెట్టుకుని పెట్రోలు బంకుకు పోయి నాలుగు చక్రాల్లో గాలి చూపించేవాణ్ణి. బ్యాటరీ తీగల దగ్గర పేరుకున్న తెల్లపొడిని వేడినీళ్లతో కడిగేవాణ్ణి. వైపర్ల రబ్బర్లు మార్పించాను. బిడ్డ పొట్టిది, ముందు రోడ్డు సరిగ్గా కనబడడం లేదంటే సీటు మీదికి ఎత్తు దిండు కుట్టించాను. జగిత్యాలలో మెకానిక్ దగ్గర వెనక కెమెరా పెట్టించాను. వెనక బ్రేకు లైట్లలో ఒకటి పోతే బల్బు నేనే తెచ్చి, నేనే బిగించాను. బిడ్డను బ్రేకు తొక్కమని వెనక నిలబడి చూశాను. రెండూ ఎర్రగా వెలిగాయి. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెబితే నవ్వుతారు.

బానెట్ ఎత్తి చూశాను. కారు కిందికి వంగి చూశాను. సీటు కింద మాత్రం చూడలేదు. ఎందుకు చూస్తాను? అక్కడ ఉండడానికి ఏముందని?

కోతల కాలంలో మా దిక్కు రోడ్డు సగం రైతులదే. వడ్లు రోడ్డు మీదే ఎండబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. బండ్లు మిగిలిన సగంలోంచి జాగ్రత్తగా పోవాలి. ఆ పొద్దున కథలాపూర్ దాటాక మలుపులో ఒక ముసలామె రోడ్డు మీద వడ్లలో నడుస్తూ కాళ్లతో కలబెడుతోంది. ఎదురుగా ట్రాక్టర్ వస్తోంది. బిడ్డ బ్రేకు తొక్కింది. పెడల్ సగం దిగి ఆగిపోయింది. మళ్లీ తొక్కింది, దిగలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, స్టీరింగ్ తిప్పి, కారును వడ్ల కుప్పలోకి ఎక్కించింది. ఇంజను ఆగిపోయింది. ముసలామె పక్కకు దుంకింది. ఎవరికీ గీత పడలేదు.

బిడ్డ ఫోన్ చేస్తే నేను ఆటోలో అక్కడికి చేరేసరికి ముసలామె మా బిడ్డను రోడ్డు పక్కన కూచోబెట్టి చెంబుతో నీళ్లు తాగిస్తోంది.

"వడ్లకేమైతది సారూ, ఎత్తుకుంట. ముందుగాల గీ పోరిని పట్టుకో, పానం పానంల లేదు" అంది.

మెకానిక్‌కు ఫోన్ చేస్తే జగిత్యాల నుంచి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. వెల్గటూర్ మనిషి, మాట కంటే ముందు నవ్వుతాడు. పెడల్ దగ్గర తల పెట్టి చెయ్యి దూర్చాడు. బయటికి తీసిన చేతిలో ఒక నిమ్మకాయ ఉంది. ఒక పక్క చదునుగా నలిగిపోయింది. మిగిలిన పక్కన కుంకుమ బొట్టు చెదరలేదు.

"బ్రేకులు ఫస్ట్ క్లాసున్నయి సార్. గిది సీటు కింది నుంచి దొర్లి పెడల్ కింద పడ్డది" అన్నాడు. "కారుకు షర్బతు తాపుదామనుకున్నరా ఏంది?"

నేను నవ్వలేదు. ఆ కాయను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. భార్య ముందు బల్ల మీద పెట్టాను.

ఆమె కాయను చూసి రెండు చేతులు జోడించింది. "చూసినవా? బిడ్డ మీదికొచ్చింది కాయ మీదికి పోయింది."

"బిడ్డ మీదికి తెచ్చిందే ఇది!" అని అరిచాను. "పెడల్ కిందికి పోయింది గిదే. బిడ్డను చంపేది గిదే!"

"అరువకు. వాడకట్టంత వినబడుతుంది."

"వినబడనీ! సీటు కింద ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. అమాసకమాసకు మార్చుతున్న. నువ్వు ముంగట కట్టనిస్తే నేను లోపటెందుకు పెడుదునయ్యా?"

ఎంతోమందిని ప్రశ్నలు అడిగినవాణ్ణి. ఈసారి ప్రశ్న నాకు పడింది. బంపర్‌కు వేలాడుతూ ఉంటే ఆ కాయ ఎండి రాలిపోయేది, ఎవరికీ అడ్డం వచ్చేది కాదు. దాన్ని తీసుకుపోయి బిడ్డ కాళ్ల దగ్గర పెట్టించింది వాకిట్లో నేను గెలిచిన గెలుపు. నమ్మకం నా వాదానికి ఓడిపోయిందనుకున్నాను. అది ఓడిపోలేదు. నాకు కనబడని చోటికి పోయి కూచుంది.

కాసేపటికి వంటింట్లోకి పోయి చూస్తే ఆమె పొయ్యి ముందు ఊరికే నిలబడి ఉంది. పొయ్యి వెలిగించలేదు. నా వైపు తిరగకుండానే అడిగింది.

"నిజంగ చెప్పు. నా చేతులార నేనే బిడ్డను చంపుకునేదాన్నా?"

పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషి నోట ఈ అనుమానం రావాలని ఎదురుచూశాను. వచ్చింది. అవును అంటే చాలు. అనలేకపోయాను.

"కాదు. నువ్వేం చేసినవ్" అన్నాను.

బిడ్డ మర్నాటి నుంచి కారు ముట్టలేదు. మళ్లీ రెండు బస్సులు. నేను కాగితం మీద పెడల్ బొమ్మ వేసి, కాయ ఎక్కడి నుంచి ఎక్కడికి దొర్లిందో గీత గీసి చూపించాను. కాయ తీసేశాం కాబట్టి కారణం పోయింది, కారణం పోయింది కాబట్టి భయానికి చోటు లేదన్నాను. ఆమె ఓపికగా విన్నది.

"బాపూ, నేను లెక్కలు చెప్పేదాన్ని. అర్థం కాలేదని నేనెప్పుడన్న? కాయ పడ్డది, పెడల్ దిగలే. అంతే."

"మరింకేంది బిడ్డా?"

"సీట్ల కూసుంటె కాలు వణుకుతుంది. దానికేం చెప్పుమంటవు?"

తలకు చెప్పడం వచ్చు నాకు. కాలికి చెప్పడం ఎవరూ నేర్పలేదు.

ఆ రోజే ఇంకో మాట కూడా అడిగాను. సీటు కింద కాయ ఉందని ఆమెకు తెలుసా అని.

"తెలువకేంది. దిండు సర్దినప్పుడల్ల చూస్తనే ఉన్న. తీస్తే అవ్వ ఏడుస్తది. నీకు చెప్తే లొల్లి చేస్తవు. ఇద్దరి నడుమ నాకెందుకని ఊకున్న."

అంటే ఆ కాయ సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలియదు. ప్రశ్నించండి, దాచకండి అని ఊరూరా చెప్పి వచ్చాను. నా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు నా నోటికి భయపడి ఒక నిమ్మకాయను దాచారు.

రోజులు గడిచాయి. పిల్ల హారన్ కోసం గేటు దగ్గర కూచుని, అక్కడే నిద్రపోతే ఎత్తుకొచ్చి పడుకోబెట్టేవాణ్ణి. అల్లుడు వీడియో కాల్‌లో, "మామా, ఇగ నౌకరీ ఇడిచిపెట్టుమను. మంచిగున్న పానం పోతే నౌకరి తెస్తదా?" అన్నాడు. అటు నుంచి మాట్లాడేవాడికి తేలికే. బిడ్డ ఫోన్ తీసుకుని లోపలికి పోయింది. రాజీనామా కాగితం రాసి పుస్తకంలో పెట్టుకుందని మర్నాడు మా ఆవిడ చెప్పింది. కారు వాకిట్లోనే ఉంది. దాని గాలి, నూనె, నీళ్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను వారానికి రెండుసార్లు చూస్తూనే ఉన్నాను. అది తప్ప చేయడానికి నాకేమీ లేదు.

ఒక శుక్రవారం అన్నాలు తింటుంటే బిడ్డ తల ఎత్తకుండానే అంది. "రేపు తోలి చూస్త. అవ్వ కట్టేది ముంగట కడుతది. బాపూ, నువ్వేమనద్దు."

"ఏమనను" అన్నాను.

పొద్దున్నే మా ఆవిడ దారానికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి తెచ్చింది. వంగితే ఆమె నడుము పట్టేస్తుంది, ముడి పడడం లేదు. దారం ఒక కొస నేను పట్టుకున్నాను. "నంబరు ప్లేటు కనబడాలె. జాలీ మూసుకుపోవద్దు, ఇంజనుకు గాలి తగలాలె" అన్నాను. నా శాస్త్రం అక్కడి దాకా కుదించుకుపోయింది. ముడి చివరికి నేనే వేశాను. రెండుసార్లు లాగి చూశాను. తర్వాత టార్చి పట్టుకుని మోకాళ్ల మీద కూచుని అన్ని సీట్ల కింద చూశాను. ఒక పిల్ల చెప్పు, చాక్లెట్ కాగితం దొరికాయి.

నేను పక్కన కూచున్నాను. బిడ్డ నెమ్మదిగా పోనిచ్చింది. ఖాళీ రోడ్డు మీద కూడా ఊరికే బ్రేకు తొక్కి చూసుకుంటోంది. ధైర్యం చెప్పే మాటలు నా నోట్లో చాలా ఉన్నాయి, ఒకటీ బయటికి రానివ్వలేదు. కథలాపూర్ దాటింది. ఆ మలుపు కనబడగానే కారు పక్కకు తీసి ఆపింది.

"బాపూ, నువ్వు నా కాలు దిక్కే చూస్తున్నవ్."

"లేదు బిడ్డా."

"ఇంటి కాడి నుంచి చూస్తున్నవ్. నువ్వు చూస్తాంటె ఇంకింత వణుకుతుంది. జర దిగు. బస్సుల ఇంటికి పో."

చూపుకు ఏ బలమూ లేదని ఎన్నో సభల్లో చెప్పినవాణ్ణి. తలుపు తీసుకుని దిగాను.

రోడ్డు మీద వడ్లు ఎత్తేశారు. గింజలు అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. కారు కదిలింది. ముందు కట్టింది వెనక నుంచి కనబడదు. నాకు కనబడేవల్లా ఆ వెనక దీపాలే. ముప్పై అడుగులు, యాభై అడుగులు. మలుపు దగ్గర మేకలు రోడ్డెక్కుతున్నాయి. నేను రోడ్డు పక్కన చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడ్డాను.

రెండు దీపాలూ ఎర్రగా వెలిగాయి. కారు ఆగింది. మేకలు పోయాక మళ్లీ కదిలి మలుపు తిరిగింది.