ఆ డెబ్బై కిలోలు ఎక్కడివి

బర్మాలో అహ్లోన్ రేవు పక్కన ఒక బియ్యం గోదాం ఉంది. గేటు దాటగానే నేలకు సమానంగా పరిచిన ఇనుప కాటా, దాన్ని ఆనుకుని చిన్న గది. లారీ కాటా ఎక్కి ఆగుతుంది. గదిలో ఎర్ర అంకెలు కాసేపు తడబడి నిలబడతాయి. కిటికీలోంచి ఒక చెయ్యి తూకం చీటీ అందిస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆ చెయ్యి సుధామణిది.

ఆమె తాత కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇదే రేవులో బియ్యం బస్తాలు మోశాడు. ఆయన్ని ఆమె చూడలేదు. కాలువ అవతల తాకేటా పేటలో నాయనమ్మ తాయారమ్మ దగ్గర పెరిగింది. ఎనిమిదేళ్ల వయసులో ఆమెకు ఒక సందేహం పట్టుకుంది. నాయనమ్మ దగ్గర ఊరినుంచి తెచ్చిన పాత వీశె రాయి ఒకటి ఉండేది. బజారులో బర్మా వాళ్లు తూచే తూకాన్ని కూడా ఇంట్లో వీశె అనే అనేవారు. కాని ఆ వీశె ఈ రాయికన్నా బరువు. పేరు ఒకటే అయినప్పుడు బరువెందుకు వేరని అడిగింది.

"సముద్రం దాటితే మనుసులే మారిపోనారు, వీశె మారదేటే?" అంది తాయారమ్మ.

ఆ జవాబు పిల్లకు చాలలేదు. అప్పట్నుంచి కనిపించిన ప్రతిదాన్నీ కళ్లతో తూచడం అలవాటైంది. బస్సులో పక్కన కూర్చున్న మనిషి ఎన్ని కిలోలో మనసులో లెక్క వేసుకుంటుంది. పబేడాన్‌లో దర్జీ పని చేసే ఆమె భర్త ధర్మారావు ఇప్పటికీ అంటాడు, "పెళ్లిసూపుల్లో ఈవిడ నా మొగం సూణ్ణేదు. బరువు సూసింది" అని.

పోయిన ఏడాది వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున్న కోటిబాబు గోదాం గేటు దగ్గరికి వచ్చాడు. ఆమె చిన్నాన్న కొడుకు, వరసకు తమ్ముడు. పదిహేనేళ్లు రేవులో కంటైనరు లారీలు తోలాడు. ఇప్పుడు డా ఖిన్ మ్యా అనే ఆవిడ దగ్గర కుదిరాడు. ఆవిడకు పెద్ద రంగులరాట్నం ఉంది. పగోడా తిరణాళ్లకు దాన్ని విప్పి, లారీల్లో వేసుకెళ్లి, మళ్లీ బిగించి తిప్పిస్తుంది. ఈసారి విడిభాగాలన్నీ ఒకే దాంట్లో పట్టేలా తాకేటాలో వెల్డింగు షాపున్న సన్యాసి అనే ఆయన చేత ట్రైలరు కట్టించింది. ఇక దాన్ని లాగే పికప్పు కొనాలి.

"అప్పా, ట్రైలరు బరువెంతో ఓపాలి తూసి సెప్పీ. నాను పోతాను," అన్నాడు కోటిబాబు.

"ఎందుకురా?"

"రెండు పికప్పులు సూసినాం. ఎర్రదొకటి, తెల్లదొకటి. ఎర్రదాని ఇంజను పులి. మూడున్నర టన్నులు లాగుతాది. ట్రైలరు అంతకి లోపుంటే సాలు గదా."

"దేనికి తగిలిస్తావు? ఎనకాల కొక్కేనికా?"

"కాదప్పా. పికప్పు తొట్టిలో ఇనప పళ్లెం ఒకటి బిగిస్తాం. ట్రైలరు మెడ వొంచి దాని మీద కూకుంటాది. కంటైనరు లారీలకుంటాదే ఐదో చక్రం, అలాటిదే."

"పళ్లెమంటావు, చక్రమంటావు. ఏటది?"

"పళ్లెమే. పేరు మాత్రం ఐదో చక్రం."

"ఎందుకు?"

కోటిబాబు తల గోక్కున్నాడు. పదిహేనేళ్లు దాని మీద బతికాడు గాని ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. సుధామణి కిటికీ మీద మోచేతులు ఆనించి ముందుకు వంగింది.

"అది సరే. మెడ పికప్పు మీద కూకుంటే ట్రైలరు బరువులో కొంత పికప్పే మొయ్యాల గదా. ఎంత?"

"మోత ఏటప్పా? ఇది లాగుడు."

"లాగుడు వేరు, మోత వేరు. మన తాత బస్తాలు లాగినాడా, మోసినాడా?"

కోటిబాబు వెళ్లి ఇద్దరిని అడిగి వచ్చాడు. పికప్పు అమ్మే అతన్ని అడిగితే మూడున్నర టన్నులు లాగుతుందని మళ్లీ అదే మాట అన్నాడు. సన్యాసిని అడిగితే "దానికి తగినంత" అన్నాడు. ఐదో చక్రం సంగతి మాత్రం ఆయనకు తెలుసు. గుర్రబ్బళ్ల రోజుల్లో ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి నిజంగానే ఒక చక్రాన్ని పడుకోబెట్టి బిగించేవారట. చక్రం పోయి పళ్లెం వచ్చింది, పేరు మిగిలింది. ఆ ముక్క విన్నాక సుధామణికి ఆసక్తి రెట్టింపైంది. రెండు పికప్పులనూ ఒక్కో రోజు అరువు తెచ్చి, ట్రైలరు తగిలించి కాటా మీదికి తీసుకురమ్మంది. భోజనాల వేళ లారీలు రావు కాబట్టి గోదాం మేనేజరు సరేనన్నాడు.

మొదట ఎర్రది వచ్చింది. వెనక సీటు కూడా ఉన్న బండి, అందుకే తొట్టి పొట్టి. వెనకాల గుర్రాలు, నెమళ్లు, కప్పు రేకులు, జనరేటరు నింపుకున్న ట్రైలరు. డా ఖిన్ మ్యా కూడా దిగింది. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం తిరణాల మైకులా ఉంటుంది. ఆవిడ మాట్లాడేది బర్మా భాషే. సుధామణీ ఆవిడతో అందులోనే మాట్లాడింది.

"నాకు ఎర్రదే నచ్చింది. పనివాళ్లం అయిదుగురం ఒక్క బండిలో వెళ్లిపోవచ్చు," అంది ఆవిడ.

సుధామణి ముందు అన్నీ కలిపి తూచింది. తర్వాత ట్రైలరు చక్రాలు కాటా బయట ఉంచి, పికప్పు నాలుగు చక్రాలనే పైన నిలబెట్టించింది. ఆ తర్వాత పికప్పు ముందు చక్రాలు మాత్రమే. చివరికి ట్రైలరు విప్పేసి, ఒంటి పికప్పును అలాగే రెండు రకాలుగా తూచింది. అయిదు చీటీలు బల్లమీద వరసగా పెట్టుకుంది.

ట్రైలరు మొత్తం రెండువేల నాలుగొందల కిలోలు. తగిలించినప్పుడు అందులో ఏడొందలు పికప్పు వీపు మీద పడుతున్నాయి. ఇంతవరకూ బాగానే ఉంది. మొత్తంలోంచి ముందు చక్రాలవి తీసేసి వెనక చక్రాల లెక్క కట్టేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. వాటి మీద పెరిగింది ఏడొందలు కాదు, ఏడొందల డెబ్బై.

"పెట్టింది ఏడొందలే. డెబ్బై ఎక్కణ్ణుంచొచ్చింది?" అంది తనలో తాను.

"కాటా తప్పేమో," అన్నాడు కోటిబాబు.

ఆ మాట ఆమెకు తగిలింది. "నా కాటా తప్పదురా" అని ముందు చక్రాల చీటీలు తీసింది. ఒంటి పికప్పుకు ముందు వెయ్యిన్ని ఎనభై. ట్రైలరు కూర్చున్నాక వెయ్యిన్ని పది. బరువెక్కిస్తే ముక్కు తేలికైంది! మళ్లీ తూచి చూద్దామని లేచేసరికి కరెంటు పోయింది. ఎర్ర అంకెలు ఆరిపోయాయి.

కరెంటు మధ్యాహ్నం రెండింటి దాకా రాదని అందరికీ తెలుసు. డా ఖిన్ మ్యా టీ తెప్పించింది. కోటిబాబు గోదాం నీడలో కూలబడ్డాడు. సుధామణి మాత్రం టీ చల్లారబెట్టుకుంటూ పికప్పు చుట్టూ తిరిగింది. వంగి చూసింది. తొట్టిలో బిగించిన పళ్లెం వెనక చక్రాల ఇరుసుకు సరిగ్గా పైన లేదు. జానెడు పైగా వెనక్కి ఉంది.

"ఇంత ఎనక్కెందుకు బిగించినారు?"

"తొట్టి పొట్టిది గదప్పా. ముందుకి బిగిస్తే మలుపులో ట్రైలరు మెడ వొచ్చి ఎనకాల అద్దానికి కొట్టీదా?"

సుధామణి గోదాం మూలనుంచి రెండు ఇటుకలు, ఒక చెక్క పలక తెచ్చింది. ఇటుకలు దూరంగా పెట్టి, వాటిమీద పలక పరిచింది. ఒక చివర రెండో ఇటుక దాటి బయటికి వచ్చేలా సర్దింది.

"ఈ ఇటుకలు చక్రాలనుకో. రెండిటి మధ్యన నిలబడు, కోటీ."

నిలబడ్డాడు. పలక కదల్లేదు.

"ఇప్పుడు ఎనకటి ఇటుక దాటి, ఆ చివర కాలెయ్యి."

కాలు మోపగానే పలక అవతలి కొన గాల్లోకి లేచింది. కోటిబాబు తూలి, గోడ పట్టుకున్నాడు. డా ఖిన్ మ్యా పకపకా నవ్వి, "నేనూ చూస్తాను" అని, అక్కడి ఆడవాళ్లు కట్టే లుంగీ కాస్త ఎత్తిపట్టి పలక ఎక్కింది. రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. దిగేటప్పటికి ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అంటే ఈ డెబ్బై ముందు చక్రాలు వదిలేసిన బరువు. బండి తిప్పేది ఆ చక్రాలతోనే కదా," అంది.

"అవునండీ. ఆరిన రోడ్డు మీద తెలియకపోవచ్చు. వానలో తెలుస్తుంది," అంది సుధామణి.

అప్పుడు డ్రైవరు తలుపు తీసి, లోపల అంటించిన రేకు చదివారు. బండితో సహా రెండువేల ఎనిమిదొందలకు మించకూడదని ఉంది. పళ్లెంతో కలిపి బండే దాదాపు పంతొమ్మిదొందల యాభై. ట్రైలరు మెడ ఏడొందలు. అయిదుగురు మనుషులు మూడొందల నలభై. కోటిబాబు వేళ్లమీద రెండుసార్లు కూడాడు. రెండుసార్లూ మించిపోయింది.

"లాగుడు మూడున్నర టన్నులని అంత గట్టిగా సెప్పినాడు గదప్పా!"

"లాగుతాది. కాదనలేదు. మొయ్యలేదు."

డా ఖిన్ మ్యా అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "జనరేటరు ట్రైలరు ముందు భాగంలో ఉంది. దాన్ని చివరికి జరిపితే మెడ తేలికవుతుంది కదా?" అంది. సుధామణికి ఆ ఆలోచన నచ్చింది. నలుగురు హమాలీలు కలిసి జరిపారు. కరెంటు వచ్చాక తూస్తే మెడ రెండొందల యాభైకి దిగింది. డా ఖిన్ మ్యా గెలిచినట్టు చూసింది. కోటిబాబు బండెక్కి రేవు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి వచ్చాడు. దిగినప్పుడు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"కాస్త ఏగం అందుకోగానే తోక ఊపడం మొదలెట్టింది. ఎనకాల్నుంచి ఎవులో పట్టుకుని ఊపుతున్నట్టే. కంటైనర్లకీ ఇంతే. ఎనకాల బరువైతే మనిసి మాట ఇనదు," అన్నాడు.

ఇది సుధామణికి తెలియని సంగతి. కాటా మీదికి వచ్చిన బండి ఎప్పుడూ ఆగే ఉంటుంది. కదిలేటప్పుడు బరువు ఏం చేస్తుందో ఆమె ఇన్నేళ్లలో చూడలేదు. కోటిబాబును కూర్చోబెట్టి, ఊపు ఎప్పుడు మొదలైంది, బ్రేకు వేస్తే పెరిగిందా, తగ్గిందా అని అరగంట అడిగింది. జనరేటరును కాస్త ముందుకు, మళ్లీ కాస్త ముందుకు జరిపించింది. మెడ మీద అయిదొందల దగ్గర బండి కుదురుగా నడిచింది. ఆ లెక్కన కూడా ఎర్ర పికప్పులో అయిదుగురు ఎక్కితే మధ్యాహ్నం తినే క్యారేజీలకు కూడా చోటు మిగలదు. పళ్లెం జరపడానికి ఎలాగూ వీల్లేదు.

మర్నాడు తెల్లది వచ్చింది. ముందు సీటు ఒక్కటే. తొట్టి పొడుగు, రంగు అక్కడక్కడ లేచిపోయింది, వెనక కమాను పట్టీలు లావు. సన్యాసి పళ్లేన్ని ఇరుసుకు నాలుగు వేళ్లు ముందుకే బిగించగలిగాడు. తూస్తే ముందు చక్రాల మీద పదిహేను కిలోలు పెరిగాయి. సుధామణి ఆ చీటీ డా ఖిన్ మ్యా చేతికిచ్చింది.

ఆవిడ చదివి, చీటీ మడిచింది. తర్వాత ఎర్ర బండి సంగతి ఎత్తకుండా, "మిగతా ముగ్గురూ బస్సులో వస్తారు," అంది.

మొదటి ప్రయాణం తాకేటాలో ఒక తిరణాలకే. డా ఖిన్ మ్యా ముందురోజే వెళ్లిపోయింది కాబట్టి డ్రైవరు పక్క సీటు ఖాళీ. సుధామణి సెలవు పెట్టి ఎక్కింది. ఇరవై రెండేళ్లలో కొన్ని లక్షల టన్నులు ఆమె కిటికీ ముందునుంచి వెళ్లిపోయాయి. ఒక్క బరువుతోనూ ఆమె గేటు దాటలేదు.

పజుండౌంగ్ కాలువ వంతెన ఎక్కేటప్పుడు ఇంజను గొంతు మారింది. ఎక్కువ రొద లేకుండా ఎక్కింది. దిగేటప్పుడు ట్రైలరు వెనకనుంచి మెల్లగా తోస్తున్నట్టు ఆమెకు వెన్నులో తెలిసింది. కోటిబాబు గేరు తగ్గించగానే ఆ తోపు తగ్గింది. "ఇంకోపాలి," అంది చిన్నపిల్లలా. వంతెన ఇంకోసారి ఎక్కడం కుదరదన్నాడు కోటిబాబు.

తిరణాల ఉన్న వీధిలోకి తిరిగేటప్పుడే చిక్కొచ్చింది. పికప్పు మలుపు చక్కగా తీసుకుంది. కోటిబాబు అద్దంలో చూస్తూనే ఉన్నాడు. అయినా ట్రైలరు చక్రాలు పికప్పు పోయిన దారిని పోలేదు. మూల కోసుకుని లోపలికి వచ్చి, టీకొట్టు ముందున్న ప్లాస్టిక్ ముక్కాలిపీటలు రెండింటిని నుజ్జు చేశాయి. వాటిమీద ఎవరూ లేరు. కొట్టువాడు గోల పెట్టాడు. కోటిబాబు దిగి నాలుగుసార్లు దణ్ణం పెట్టి, కొత్త పీటలు తెస్తానని మాటిచ్చి వచ్చాడు.

తిరిగొచ్చేసరికి సుధామణి సీట్లో లేదు. రోడ్డుమీద గొంతుక్కూర్చుని, దుమ్ములో పడ్డ టైర్ల జాడలు రెండూ ఎక్కడ విడిపోయాయో వేలితో వెతుకుతోంది.

"అప్పా, ఎనకాల బళ్లు ఆగిపోనాయి. ఎక్కు!"

"ముందు చక్రం ఇలాగెళ్లింది. ఎనకటిది ఇటెందుకొచ్చింది రా?"

"అన్ని ట్రైలర్లూ అంతేనప్పా."

"అంతేనంటే కాదు. ఎంత లోపలికొస్తాదో ముందే తెలిస్తే నువ్వు అంత దూరంనుంచి తిరుగుదువు గదా."

వెనకనుంచి హారన్లు మోగుతున్నాయి. ఆమె చెప్పు విప్పి, రెండు జాడల మధ్య ఎడాన్ని చెప్పుతో కొలిచింది. మూడు చెప్పులు, ఇంకో బెత్తెడు. అప్పుడు లేచి, లుంగీ దుమ్ము దులుపుకుని బండెక్కింది.