వాన లేని వైపర్లు

దుప్పట్లు ఉతికే కంపెనీలో వ్యాన్ నడిపే బాబాయి ఒకప్పుడు కుండపోత వానలో ఒక పాపని గుద్దేశాడట. అప్పటినుంచీ ఆయన కళ్ళలో ఆ వాన వెలవలేదట. అందుకే ఎండ నిప్పులు చెరుగుతున్నా సరే, మలుపు కనిపిస్తే చాలు, వైపర్లు వేస్తాడట.

వైపర్లు వేయడం మాత్రం అందరూ చూసిందే. కంపెనీ గేటు దగ్గర వ్యాన్ తిరిగే ముందు అవి పొడి అద్దం మీద కర్రుమంటూ ఒకసారి ఊగుతాయి. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, ఇండికేటర్ వెలుగుతుంది. మిగతా కథంతా ఇస్త్రీ గదిలో తయారైంది. ఆవిరి, ఉక్క, రోజంతా నిలబడి చేసే పని. చేతులతో పాటు నాలుకకీ కాస్త పని ఉండాలి కదా. పాప వయసు చెప్పేవాళ్ళని బట్టి మారిపోయేది. ఒకామె అయితే గౌను రంగు కూడా చెప్పింది.

ఆ గదిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి కూడా మొదటిరోజే ఈ కథ విన్నది. చదువు మధ్యలో ఆగిపోయి పనిలో చేరింది. అడిగితే తప్ప నోరు విప్పదు. అందుకే మిగతా ఆడవాళ్ళు వేళాకోళంగా వసపిట్ట అని పేరు పెట్టారు. కొన్నాళ్ళకి ఇస్త్రీ గది పెద్దామె ఆమెని వ్యాన్‌లో వెళ్ళి మూటలు అప్పగించి వచ్చే పనిలో పెట్టింది. ఆయన మాటలు మొదలుపెడితే ఆపడు, ఇది అసలు మొదలుపెట్టదు, బండి సమంగా నడుస్తుంది అని ఆవిడ లెక్క.

మొదటి మలుపులో వైపర్లు కర్రుమనగానే వసపిట్ట సీటు అంచు గట్టిగా పట్టుకుంది. ఆ పాప గుర్తొచ్చింది. బాబాయి నాలుక కరుచుకుని, ఇండికేటర్ వేసి, ఎదురుగా వస్తున్న కారుని గడ్డంతో చూపించాడు.

"అదుగో, సివిక్. పాతదే. చప్పుడు విను, బాగా నూనె పట్టించిన కుట్టుమిషన్‌లా లేదూ?"

ఆయనకి జపాన్ కార్లంటే పిచ్చి. రోడ్డు మీద ఒకటి కనిపిస్తే చాలు, చాలాకాలానికి ఎదురుపడ్డ చుట్టాన్ని పలకరించినట్టు పలకరించేవాడు. చిన్న మాజ్దా రోడ్‌స్టర్ పైకప్పు తీసేసుకుని పక్కనుంచి పోతే, దానికి ఇద్దరు మనుషులూ ఒక రోడ్డూ ఉంటే చాలు, సామాను అడగదు అనేవాడు. రోటరీ ఇంజిన్ ఆర్‌ఎక్స్ సెవెన్ గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. పగలు కళ్ళు మూసుకుని పడుకుని, దీపాలు వేయగానే రెప్పలు ఎత్తి చూస్తుందట. ప్రియస్ ఉలుకూ పలుకూ లేని సంసారి. పాలవాడికన్నా నెమ్మదిగా వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. ఈమధ్య వస్తున్న వాటి మొహాలు మాత్రం ఆయనకి నచ్చవు. అన్నీ ఎవరితోనో తగాదాకి బయల్దేరినట్టు ఉంటాయట. అయినా జీఆర్ ఎయిటీ సిక్స్ వెళ్తే మెడ తిప్పి చూసేవాడు. మొహం సంగతి ఎలా ఉన్నా, నడుం పాతవాళ్ళదే వచ్చింది అనేవాడు.

వసపిట్టకి కార్ల గురించి ఏమీ తెలియదు. మనుషుల్ని చూడటం మాత్రం తెలుసు. దగ్గరలో ఉన్నా సరే, నర్సుల హాస్టల్‌కి బాబాయి ఎప్పుడూ చివరనే వెళ్తాడని ఆమె కనిపెట్టింది. అక్కడ మూటలు దించాక పెరట్లోకి నడిచి, తాళం వేసిన రేకుల షెడ్డు తలుపు సందులో కన్ను పెట్టి నిలబడేవాడు. తిరిగి వచ్చాక నాలుగు వీధులు దాటేదాకా మాట్లాడేవాడు కాదు.

ఒకరోజు ఆయనే చెప్పాడు. హాస్టల్ ఒకప్పుడు డాక్టరమ్మ ఇల్లు. షెడ్డులో ఉన్నది ఆవిడ కారు, డాట్సన్ రెండు వందల నలభై జెడ్. ఇంటి సగం పొడుగు బానెట్టు, దాని కింద వరసగా ఆరు సిలిండర్లు, మనుషులకి మాత్రం రెండే రెండు సీట్లు. కాన్పులు చేసే మనిషికి అలాంటి కారు ఎందుకని ఊరంతా నవ్వితే, బిడ్డ నాకోసం ఆగదు కదా అనేదట. మోకాలు పాడై క్లచ్ తొక్కలేని రోజు వచ్చాక, పక్క గ్యారేజీలో బోల్టులు బిగించే బాబాయిని పిలిపించింది. ఆయనకి అప్పటికి సైకిల్ తప్ప ఏదీ రాదు. ఎడమ సీట్లో కూర్చుని ఆవిడే నేర్పింది. మలుపుకి చాలా ముందే "చెయ్యి" అనేది. ఆ ఒక్క మాటకే ఆయన ఇండికేటర్ వేసేవాడు. కొన్నాళ్ళకి ఆవిడ అనకముందే చెయ్యి కదిలేది. ఆవిడ పోయాక కొడుకు కారుని షెడ్డులో పెట్టి తాళం వేశాడు. బాబాయి ఈ వ్యాన్ ఎక్కాడు.

"ఒక్కసారి నడపాలి," అన్నాడు బాబాయి. "ఆ వీధి చివరిదాకా. ఇంకేమీ అక్కర్లేదు."

"అడగలేదా?" అంది వసపిట్ట. ఆరోజుకి ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

"అడిగితే కాదంటాడేమో. అడగనంతకాలం కాదనలేదు కదమ్మా."

వసపిట్టకి ఆ లెక్క అర్థమైంది. ఆమె కూడా చాలా విషయాలు అలాగే దాచుకుంది.

ఒక మధ్యాహ్నం హాస్టల్‌కి వెళ్ళేసరికి పెరట్లో షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఎర్ర కారు ఎండలోకి మూతి పెట్టి ఉంది. ముందురోజు మెకానిక్ వచ్చి ఇంజిన్‌కి ప్రాణం పోసి వెళ్ళాడట. పాత కార్లు సేకరించే దూరపు ఊరి మనిషెవరో దాన్ని కొన్నాడట, ఆయన పంపిన లారీ మెయిన్ రోడ్డు మీద ఆగి ఉంది. సందు ఇరుకు, లారీ లోపలికి రాదు. డాక్టరమ్మ కొడుక్కి గేర్లు లేని కారు తప్ప చేతకాదు. లారీ డ్రైవరు ఒకసారి లోపల కూర్చుని చూసి, దీన్ని నేల మీద పడుకుని నడపాలి, నావల్ల కాదన్నాడు. చివరికి తాడు కట్టి లాగుదామనుకున్నారు. లారీ డ్రైవరు వంగి ముందు బంపరుకి ముడి వేస్తున్నాడు.

బాబాయి భుజం మీద మూటతో అలాగే నిలబడిపోయాడు. వసపిట్ట ఆయన మొహం కేసి చూసింది. అడుగుతాడేమో అని చూసింది. ఆయన కళ్ళు కారు మీద నుంచి కదలలేదు. మూటని పట్టుకున్న కుడిచేతి వేళ్ళు మాత్రం కొద్దిగా పైకీ కిందకీ ఆడుతున్నాయి. లారీ డ్రైవరు ముడి బిగించి లేచి నిలబడ్డాడు.

"అది నడపడం బాబాయికి వచ్చు," అంది వసపిట్ట.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమెకి చెవులు వేడెక్కాయి. డాక్టరమ్మ కొడుకు బాబాయిని ఎగాదిగా చూశాడు.

"నువ్వు అమ్మ దగ్గర ఉండేవాడివి కదూ? ఇక్కడికే వస్తూ పోతూ ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మూటలు తెస్తున్నాను కదండీ," అన్నాడు బాబాయి. దానికి అర్థమేమిటో ఆయనకే తెలియాలి.

కొడుకు తాడు విప్పించి, తాళం బాబాయికి ఇచ్చి, ఎడమ తలుపు సరిగ్గా పడటం లేదు, ఎవరో ఒకరు లోపల కూర్చుని పట్టుకోవాలి అన్నాడు. బాబాయి వసపిట్టని ఎక్కమన్నాడు. ఆమె డాక్టరమ్మ సీట్లో, రెండు చేతులతో తలుపు పట్టుకుని కూర్చుంది. లోపలంతా పాత పెట్రోలు వాసన, ఎండిపోయిన రెగ్జిన్ వాసన. బాబాయి గేరు పక్కనున్న చోక్ కాస్త పైకి లాగి, తాళం తిప్పి, తల పక్కకి వంచి విన్నాడు. ఇంజిన్ దగ్గి, గొంతు సవరించుకుని, నిలబడింది.

సందు చివర మలుపు వచ్చింది. వసపిట్ట అలవాటు ప్రకారం కర్రుమనే చప్పుడు కోసం ఒళ్ళు బిగబట్టింది. రాలేదు. టిక్ టిక్ మంటూ డాష్‌బోర్డులో చిన్న పచ్చదీపం వెలిగి ఆరుతోంది. బాబాయి చెయ్యి దానంతటదే వెళ్ళి వచ్చేసింది. ఆయన దాన్ని గమనించనేలేదు.

లారీ ఎడమవైపు ఉంది. ఆయన కుడివైపుకి తిప్పాడు. కొడుకు వెనక నుంచి ఏదో కేక వేశాడు కానీ, ఆరు సిలిండర్లు కలిసి పాడుతుంటే ఎవరికి వినపడుతుంది. పాఠశాల గోడ దాటి, మందుల కొట్టు దాటి, చెట్లు లేని పొడుగాటి వీధిలో బాబాయి మూడో గేరు వేసి ఒక్కసారి కాలు నొక్కాడు. సీటు వసపిట్ట వీపుని వెనక్కి లాక్కుంది. ప్రతి మలుపులోనూ టిక్ టిక్. ఒక మలుపు ఇంకా దూరంగా ఉండగా, ఎందుకు అనాలనిపించిందో ఆమెకి తెలియదు.

"చెయ్యి," అంది మెల్లగా.

బాబాయి ఆమె వైపు తిరగలేదు. ఇండికేటర్ వేశాడు. కళ్ళు తుడుచుకోలేదు కూడా, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి.

వీధులన్నీ చుట్టి కారుని లారీ దగ్గర ఆపాడు. చోక్ కిందకి నొక్కి, ఇంజిన్ ఆపి, చెక్క రంగు స్టీరింగ్‌ని అరచేత్తో చుట్టూ ఒకసారి తడిమి, తాళం కొడుకు చేతిలో పెట్టాడు. ఆలస్యం చేసినందుకు కొడుకు ఏమీ అనలేదు. లారీ కదిలి, వెనక ఉన్న ఎర్ర రంగు జనంలో కలిసిపోయేదాకా ముగ్గురూ రోడ్డు పక్కనే నిలబడ్డారు.

తిరుగు దారిలో మొదటి మలుపులో వైపర్లు కర్రుమన్నాయి.

"ఈ వ్యాన్‌కి ఇంకా అలవాటు పడలేదా బాబాయీ?"

"పడొచ్చు," అన్నాడు. ఇండికేటర్ వేసి, "పడితే ఈ చెయ్యి ఆవిణ్ణి మర్చిపోతుంది," అన్నాడు.

దారిలో ఒక కొత్త సుప్రా కారు ఎదురుపడింది. ఆయన పలకరించలేదు.

మర్నాడు ఇస్త్రీ గదిలో అందరూ వసపిట్ట చుట్టూ మూగారు. అంతసేపు ఆయనతో కూర్చున్నావు, ఆ పాప సంగతి ఏమైనా చెప్పాడా అని అడిగారు. ఏ పాపా లేదంది. గౌను రంగు చెప్పినామె పెదవి విరిచింది. మరి ఆ వైపర్లేమిటి అంది.

ఆ పాత కారులో ఇండికేటర్ లివరు స్టీరింగ్‌కి కుడివైపున ఉంటుంది. ఈ వ్యాన్‌లో కుడివైపున ఉన్నది వైపర్ల లివరు.